కార్పెట్ నిర్దోషి

పావగడ నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న: “హాల్లో కార్పెట్ వేయించినప్పటి నుంచి ఊఫర్‌లో దమ్ము పోయింది. మునుపు బీరువా తలుపులు అదిరేవి. ఇప్పుడు ఎంత పెంచినా బేస్ తుస్సుమంటోంది. కార్పెట్ పీల్చేస్తోందా? దాన్ని తీసేయమంటారా, ఎక్కువ వాట్ల ఊఫర్ కొనమంటారా?” గది కొలతలూ రాశారు. పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. రాతిగోడలు, పైన ఆర్‌సీసీ. చివర్లో, పనిలో పనిగా అన్నట్టు ఇంకో మాట: గోడకు ఆనుకుని ఉండే సోఫాను, కార్పెట్ అందంగా కనబడాలని, హాలు నడిమధ్యకు జరిపారట.

అసలు దొంగ ఆ చివరి మాటలో ఉన్నాడు. అయితే ముందు కార్పెట్ మీది అభియోగం కొట్టేయాలి.

ప్రాథమిక విషయాలు రెండు ముక్కల్లో ముగిద్దాం. ధ్వని అంటే గాలిలో సాగిపోయే పీడనపు హెచ్చుతగ్గులు. పావగడ ఎండల్లో దాని వేగం సెకనుకు దాదాపు 350 మీటర్లు. దాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం. 5,000 హెర్ట్జ్ దగ్గర మోగే తాళాల గలగలకు అది 7 సెంటీమీటర్లు. ఊఫర్ గుమ్మనిపించే 40 హెర్ట్జ్‌కు 8 మీటర్ల 75 సెంటీమీటర్లు. అంటే గదికన్నా అలే పెద్దది.

కాంక్రీటు నేల మీద పరిచిన మందపాటి కార్పెట్, 2,000 హెర్ట్జ్ దగ్గర తన మీద పడ్డ ధ్వనిశక్తిలో సుమారు 60 శాతం మింగుతుందని శబ్దశాస్త్ర పట్టికలు చెబుతాయి. 500 దగ్గర 14 శాతం. 125 దగ్గర 2. మామూలు పట్టికలు అంతకన్నా కిందికి దిగనే దిగవు. కీచుధ్వనులు తగ్గాయి కాబట్టి కార్పెట్ వేశాక బేస్ ఇంకా తేలిగ్గా వినబడాలి!

బేస్‌ను ఎందుకు మింగలేదు? పోగుల సందుల్లో గాలి అటూ ఇటూ కదిలితే, ఆ రాపిడికి ధ్వని వేడిగా మారిపోతుంది. గాలి కదలాలి, అదే షరతు. గట్టి నేలను తాకిన గాలి దానిలోకి దూరలేదు. అక్కడ పీడనం గరిష్ఠం, నేలవైపు కదలిక సున్నా. ఆ కదలిక గరిష్ఠమయ్యేది పావు తరంగదైర్ఘ్యం దూరంలో. తాళం మోతకు ఆ దూరం 2 సెంటీమీటర్లు కూడా ఉండదు, పోగులకు అందుతుంది. 36 హెర్ట్జ్‌కు 8 అడుగులు! బేస్‌ను మింగించాలని నిజంగా పంతం పడితే, కార్పెట్‌ను నేల మీంచి లేపి హాలు నడుమ తెరలా వేలాడదీయాలి.

కార్పెట్‌కు ఈ చెడ్డపేరు రావడం వెనక ఒక మంచి కథ ఉంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట మీద మాట పడి ఏమీ అర్థమయ్యేది కాదు. సంగతి చూడమని వాలెస్ సబీన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, కొన్ని పరిచి, ఆర్గన్ గొట్టం ఊది, మోత ఎంతసేపటికి అణగిపోతుందో చెవితోనే కొలిచాడు. శబ్దశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇది. అయితే ఆ గొట్టం ఊదింది ఒకే ఒక్క స్వరం, 512 హెర్ట్జ్. మెత్తటివన్నీ మోతను తింటాయన్న మాట లోకంలో అక్కడి నుంచి స్థిరపడింది. సబీన్‌కు మాత్రం అనుమానం తీరలేదు. 64 నుంచి 4,096 హెర్ట్జ్ దాకా మళ్ళీ కొలిచి, ఒకే వస్తువు ఒక్కో స్థాయిలో ఒక్కోలా మింగుతుందని 1906లో తేల్చాడు. లోకం మొదటి పాఠం విని లేచిపోయింది, రెండో పాఠానికి కూర్చోలేదు. గోడలకు గుడ్ల అట్టలు అంటించేవాళ్ళు ఇప్పటికీ ఆ మొదటి పాఠంలోనే ఉన్నారు.

ఇక అసలు దొంగ సంగతి. నీళ్ళ తొట్టిని ఒక చివర పట్టుకుని లయగా కదిపి చూడండి. రెండు చివర్లా నీళ్ళు ఎగసి పడతాయి. సరిగ్గా మధ్యలో మట్టం మారదు, కానీ అక్కడే నీళ్ళు అటూ ఇటూ జోరుగా పారుతుంటాయి. మూసిన గదిలో గాలీ అంతే. పొడవు సగం తరంగదైర్ఘ్యానికి సరిపోయిన చోట, వెళ్ళే అలా తిరిగొచ్చే అలా కలిసి స్థిరతరంగం కడతాయి. మన పాఠకుడి హాల్లో పొడవు వెంట అది 36 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వెంట 48 దగ్గర, ఎత్తు వెంట 57 దగ్గర. మూడూ ఊఫర్ రాజ్యంలోవే. గోడల దగ్గర పీడనం విపరీతంగా ఊగుతుంది. నడిమధ్య ఆ ఊపు ఉండదు, అది అస్పందన స్థానం. గాలి అక్కడ ఎంత పరుగెత్తినా లాభం లేదు, మన చెవి వినేది పీడనాన్ని, పరుగును కాదు.

ఇప్పుడు సోఫా ఎక్కడుంది? పొడవులో మధ్య. హాలు నడిమధ్య అన్నారు కాబట్టి వెడల్పులోనూ మధ్యే. ఎత్తులో కూర్చున్న మనిషి చెవి మూడున్నర అడుగుల దగ్గర, అక్కడా మధ్యకు దగ్గరే. గదిలో బేస్ లేని చోటును వెతికి పట్టుకుని సింహాసనం వేసుకున్నారన్నమాట. పొడవులో పూర్తి అల ఇమిడే 72 హెర్ట్జ్ దగ్గర మాత్రం అదే చోటు ప్రస్పందన స్థానం, అంటే పీడనం బాగా ఊగే చోటు. అందుకే డప్పు దెబ్బ వినిపిస్తుంది, దాని కింద ఉండాల్సిన గుండెల అదురు ఉండదు.

రాతిగోడలు దీన్ని ఇంకా ముదురుస్తాయి. అమెరికావాళ్ళ సలహాలు చదివి మోసపోకండి. వాళ్ళ గోడలు చాలావరకు చెక్కచట్రానికి కొట్టిన జిప్సం పలకలు. బేస్‌కు అవి తామే ఊగి కొంత శక్తి హరిస్తాయి. పావగడ రాయి ఊగదు, వచ్చిన అలను వచ్చినట్టే తిప్పికొడుతుంది. గుంటలు లోతు, గుట్టలు ఎత్తు. గోడలంటే తిట్టుకోనూ అక్కర్లేదు. జాతర మైదానంలో లారీడు బాక్సులు పేర్చితే గానీ రాని దమ్మును ఇంట్లో ఒక్క పెట్టె ఇస్తోందంటే అది గోడల పుణ్యమే.

ఇక మందు సంగతి. ఊఫర్‌ను మూలన పెడితే అది మూడు దిక్కుల స్థిరతరంగాలనూ ఒకేసారి రేపుతుంది. నేల నడుమ ఉన్నదాన్ని మూలకు చేరిస్తే సిద్ధాంతం ప్రకారం 12 డెసిబెల్‌ల దాకా లాభం. నిజమైన గదుల్లో అంత రాదు, వచ్చేది తక్కువా కాదు. ఏ మూల అంటారా? దీర్ఘచతురస్రపు గదిలో, ద్వారాలూ కిటికీలూ పక్కన పెడితే, నాలుగు మూలలూ దాదాపు సమానం. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని ఇంట్లో పెద్దలంటే శుభ్రంగా నైరుతిలో పెట్టండి. భౌతికశాస్త్రానికి అభ్యంతరం లేదు.

దీనికన్నా అందమైన ఉపాయం లార్డ్ రేలీ పుణ్యం. ఆయన “థియరీ ఆఫ్ సౌండ్” మొదటి సంపుటం 1877లో వచ్చింది. ధ్వని పుట్టే చోటునూ వినే చోటునూ తారుమారు చేసినా వినబడేది మారదన్న సూత్రానికి అందులో పెద్దపీట వేశాడు. కాబట్టి ఊఫర్‌ను తీసుకెళ్ళి సోఫా మీద, మీరు కూర్చునే చోట పెట్టండి. బేస్ బాగా ఉన్న పాట వేయండి. మీరు గోడల వెంట పాకుతూ వినండి. ఎక్కడ గుమ్మంటుందో అదే ఊఫర్ స్థానం. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. అయితే సోఫా నడిమధ్యే ఉంటే ఎక్కడికి పాకినా 36, 48 దొరకవు. మొదట దాన్ని గోడవైపు మూడు నాలుగు అడుగులు జరపాలి.

వాట్ల సంగతి అడిగారు. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్‌లే. మీ పావగడ దగ్గరి తిరుమణి సోలార్ పార్కు 2,050 మెగావాట్లూ తెచ్చి గుమ్మరించినా అస్పందన స్థానం అస్పందన స్థానమే. ఊఫర్ వెనక ఫేజ్ మీట ఉంటే 0, 180 రెండూ వేసి ఏది నిండుగా ఉందో చూడండి. రాత్రిపూట సౌండు తగ్గించి వింటే బేస్ ఎలాగూ పలచబడుతుంది. అది చెవి తత్వమని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. 1,000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్‌లకు సమానంగా తోచాలంటే 40 హెర్ట్జ్ మోతకు 80 పైచిలుకు కావాలి.

సోఫా జరపడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే చివరి దారి ఒకటుంది. ఊఫర్‌నే సోఫా వెనక్కు, చేతికందే దూరానికి తెచ్చుకోండి. గోడల తగాదా తేలేలోపు నేరుగా వచ్చే మోత చెవికి చేరుతుంది. దాని కరెంటు వైరును మాత్రం కార్పెట్ కిందికి తోయకండి, నలిగి వేడెక్కుతుంది. గోడ వెంట తిప్పుకోండి.