కొండ అంచున వేలాడే శవపేటికలు.. నేలకూలితేనే అదృష్టమట! చైనాలో ఓ వింత శ్మశానం

ఎవరైనా చనిపోతే మట్టిలో పూడ్చడమో, దహనం చేయడమో చూస్తుంటాం. కానీ చైనాలో ఒకచోట శవపేటికలను నిటారుగా ఉన్న కొండకు వేలాడదీశారు. సిచువాన్ ప్రావిన్స్ యిబిన్ ప్రాంతంలోని గోంగ్ కౌంటీకి వెళ్తే ఇప్పటికీ వీటిని చూడొచ్చు.

ఇక్కడి మాటాంగ్‌బా లోయలో తలెత్తి చూస్తే సున్నపురాయి కొండల మీద చెక్క పెట్టెలు కనిపిస్తాయి. కొన్ని నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉంటే, మరికొన్ని 100 మీటర్లకు పైనే ఉన్నాయి. రాతికి రంధ్రాలు తొలిచి, అందులో చెక్క దూలాలు బిగించి, వాటి మీద పేటికలు పెట్టారు. కొన్నింటిని గుహల్లో, రాతి అరుగుల మీద ఉంచారు. పక్కనే ఎర్ర రంగుతో వేసిన గుర్రాలు, మనుషుల బొమ్మలూ ఉన్నాయి.

ఇంతకీ ఇవి ఎవరివి? బో అనే తెగవని చెబుతారు. 1573లో మింగ్ సైన్యం ఈ ప్రాంతంపై విరుచుకుపడింది. ఆ తర్వాత ఆ తెగ పేరు చరిత్రలో దాదాపుగా వినిపించలేదు. కొందరు పేర్లు మార్చుకుని వేరే ప్రాంతాలకు వెళ్లిపోయారని అంటారు. యునాన్‌లో ఇప్పుడున్న బో ప్రజలకూ, ఈ పేటికల్లోని వారికీ సంబంధం ఉందని డీఎన్‌ఏ పరిశోధనలు చెబుతున్నాయి.

మరి అంత బరువును అంత ఎత్తుకు ఎలా చేర్చారు? కొండ పైనుంచి తాళ్లతో దించారని కొందరు, కింది నుంచి పరంజా కట్టి ఎక్కించారని ఇంకొందరు అంటారు. మట్టి దిబ్బ పోసి మోసుకెళ్లారన్న వాదనా ఉంది.

అసలు ట్విస్ట్ ఏంటంటే.. ఎంత ఎత్తులో పెడితే చనిపోయినవారికి అంత మంచిదని, పేటిక ఎంత త్వరగా కింద పడితే అంత శుభమని ఆ జనం నమ్మేవారట. యువాన్ కాలంలో యునాన్ గురించి రాసిన లీ జింగ్ అనే అధికారి ఈ విషయాన్ని నమోదు చేశారు.

ఇప్పుడు సీన్ రివర్స్. 1988లో చైనా ప్రభుత్వం దీన్ని జాతీయ రక్షిత స్థలంగా ప్రకటించింది. ఎండకు, వానకు దూలాలు పుచ్చి పేటికలు పడిపోతుంటే, వాటిని పడకుండా కాపాడటమే అధికారుల పని. అంటే అప్పటివాళ్లు శుభం అనుకున్నదే ఇప్పుడు నష్టం! అలాగని వదిలేస్తే ఆ తెగ గురించి చెప్పే ఆనవాళ్లూ పోతాయి.

చూడటానికి వెళ్లేవాళ్లు బైనాక్యులర్స్ తీసుకెళ్తే మంచిది. చాలా పేటికలు కింది నుంచి అగ్గిపెట్టెల్లాగే కనిపిస్తాయి. ఒక్కమాట.. అవి టూరిస్టులకు వింతే కావచ్చు, కానీ ఒక్కో పెట్టె ఒకరి సమాధి.