డైరెక్ట్ పోర్ట్ నైట్రస్ అమరిక: శ్రీకాకుళం వేసవిలో పీడన సమస్య

కీలక పదాలు: నైట్రస్ ఆక్సైడ్, ఇన్‌టేక్ మానిఫోల్డ్, నాజిల్, సందిగ్ధ ఉష్ణోగ్రత

ఉపోద్ఘాతం

ఇంజిన్ ఎంత ఇంధనాన్ని మండించగలదో దానికి అందే ఆక్సిజన్ నిర్ణయిస్తుంది. ద్రవ్యరాశి ప్రకారం గాలిలో ఆక్సిజన్ సుమారు 23 శాతం. నైట్రస్ ఆక్సైడ్‌లో 36 శాతం. ఈ వాయువు తానుగా మండదు. ఇంజిన్ సిలిండర్‌లోని అధిక ఉష్ణోగ్రత వద్ద విఘటనం చెంది ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి అవసరం కాగా, నైట్రస్ సుమారు 9.6 కిలోలు సరిపోతుంది. కనుక నైట్రస్‌తోపాటు తగినంత అదనపు ఇంధనాన్ని అందించడం తప్పనిసరి.

అమరిక విధానం

సాధారణ పద్ధతిలో థ్రాటిల్ బాడీకి ముందు ఒకే నాజిల్ ఉంటుంది. మానిఫోల్డ్ మలుపుల్లో ఇంధన బిందువులు గాలితో సమానంగా తిరగలేవు. అందువల్ల సిలిండర్లకు అందే మిశ్రమంలో తేడా వస్తుంది. డైరెక్ట్ పోర్ట్ పద్ధతి మానిఫోల్డ్‌లోని ప్రతి శాఖకు ఒక్కొక్క నాజిల్‌ను కేటాయించి ఈ లోపాన్ని తగ్గిస్తుంది.

లోహపు రజను ఇంజిన్‌లోకి చేరకుండా మానిఫోల్డ్‌ను విప్పి, ప్రతి శాఖకు ఒకే దూరంలో, ఒకే కోణంలో రంధ్రం చేసి మరలు కోయాలి. పంపిణీ దిమ్మె నుండి నాజిళ్లకు వెళ్ళే గొట్టాల పొడవు సమానంగా ఉండాలి. ప్రతి నాజిల్‌లోని నైట్రస్, ఇంధన జెట్‌ల పరిమాణాలు ప్రవాహ నిష్పత్తిని నిర్ణయిస్తాయి. పరీక్ష తరువాత స్పార్క్ ప్లగ్‌లను సిలిండర్ వారీగా పరిశీలించాలి.

స్థానిక వాతావరణ ప్రభావం

జెట్‌ల పరిమాణాన్ని ఒక నిర్ణీత బాటిల్ పీడనానికి లెక్కిస్తారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ పీడనం సుమారు 50 బార్లు. నైట్రస్ సందిగ్ధ ఉష్ణోగ్రత 36.4 డిగ్రీలు, అప్పటి పీడనం సుమారు 72 బార్లు. ఆపైన ద్రవ, వాయు స్థితుల మధ్య భేదం ఉండదు. శీతల దేశాలలో బాటిల్‌ను వేడిచేసే పరికరాలు వాడతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎండలో నిలిపిన కారు డిక్కీ వేసవిలో ఈ హద్దును సులభంగా దాటుతుంది. ఇక్కడి సమస్య వేడిని అదుపు చేయడమే.

బాటిల్ పీడనం పెరిగినా ఇంధన పీడనం మారదు. అప్పుడు నైట్రస్ ఎక్కువై మిశ్రమంలో ఇంధనం తగ్గుతుంది. ఫలితంగా నాకింగ్ ఏర్పడి పిస్టన్ తల కరిగిపోవచ్చు. సందిగ్ధ స్థితి దగ్గర సాంద్రత కూడా వేగంగా మారడంతో పీడనమాపకం ఒక్కటే నమ్మదగిన ఆధారం కాదు. బాటిల్‌ను నీడలో ఉంచి, ఉష్ణోగ్రతను, పీడనాన్ని కలిపి కొలవాలి. పీడనం హద్దు దాటితే ప్రవాహాన్ని ఆపే స్విచ్ ఉండాలి.

ముగింపు

డైరెక్ట్ పోర్ట్ పద్ధతి సిలిండర్ల మధ్య పంపిణీని సరిచేస్తుంది. బాటిల్‌లోని మార్పును మాత్రం అన్ని సిలిండర్లకూ సమానంగా పంచుతుంది. కనుక అన్యప్రాంతాల జెట్ పట్టికలను స్థానిక ఉష్ణోగ్రత వద్ద పరీక్షించకుండా అనుసరించరాదు. తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. అందుచేత ఇటువంటి ప్రయోగాలకు తగిన చోటు ప్రజలు తిరిగే రహదారి కాదు, ప్రయోగశాలలోని పరీక్షా వేదిక.