గోడలు ఉన్నాయి... షాపు లేదు

నా సేఫ్టీ బూట్లని మెచ్చుకునే మనిషి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. సిమెంటు మరకలు, అరిగిపోయిన మడమలు, వేళ్ల దగ్గర లోపల ఇనుప రేకు. వాటిని చూసి ఒకావిడ, "అన్నే, ఇవెక్కడ కొన్నావ్?" అని అడిగింది.

2014 మాట ఇది. సింగపూర్ హాజీ లేన్‌లో ఓ పాత షాప్‌హౌస్ బాగుచేసే పనికి నేను సూపర్‌వైజర్‌ని. షాప్‌హౌస్ అంటే కింద కొట్టు, పైన ఇల్లు. మన పాత బజారుల్లో ఉన్నట్టే. ఆదివారం మనవాళ్లంతా చేరే లిటిల్ ఇండియా నుంచి నడిచినా పెద్ద దూరం కాదు. ఆ మధ్యాహ్నం జోరున వాన పడితే ఎదురు కొట్టు వసారాలోకి పరిగెత్తాను. బురద కాళ్లతో లోపలికి వెళ్లలేక గుమ్మం దగ్గరే నిలబడ్డాను. లోపల అన్నీ నల్ల బట్టలే! పుర్రె బొమ్మల టీ షర్టులు, మేకులు కొట్టిన బెల్టులు, పిన్నీసులు గుచ్చిన జాకెట్లు. ఇవెవరు కొంటారబ్బా అనుకున్నా.

కొట్టు నడిపేది ఓ మలయ్ ఆవిడ. నలభై దాటి ఉంటాయి. అందరూ 'కాక్' అనేవారు, అంటే అక్క. నేనూ అలాగే పిలిచాను.

మన బూట్లే వాళ్ల ఫ్యాషన్

"నీ కాళ్లకున్న లాంటివే నేను అమ్మేది" అంది కాక్ నవ్వుతూ, అరలో ఉన్న డాక్టర్ మార్టెన్స్ బూట్లు చూపించి. ఇంగ్లండ్‌లో ఆ బూట్లు 1960 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. ముందు వేసుకున్నది పోస్ట్‌మన్లు, ఫ్యాక్టరీ కార్మికులు. పాటగాళ్లు, పంక్ కుర్రాళ్లు తర్వాతే వచ్చారు. జీన్స్ కథా అంతే. 1873లో అమెరికాలో లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ అనే దర్జీ కలిసి రివెట్లకి పేటెంట్ తీసుకున్నది కూలివాళ్ల ప్యాంటు జేబులు చిరక్కుండా ఉండటానికే. కష్టం చేసేవాడి బట్టని, నలుగురిలా ఉండటం ఇష్టం లేని పిల్లలు తొడుక్కున్నారు. ఆల్టర్నేటివ్ ఫ్యాషన్ అనేదాంట్లో సగం ఇదే.

సింగపూర్‌కి ఇది కొత్త కాదు. ఎలిమ్ చ్యూ అనే ఆవిడ లండన్‌లో హెయిర్ కటింగ్ నేర్చుకొచ్చి, 1988లో ఫార్ ఈస్ట్ ప్లాజాలో 'సెవెంటీ సెవెంత్ స్ట్రీట్' అనే షాపు పెట్టింది. ఒక తరం కుర్రకారు అక్కడ బట్టలు కొన్నారు. 2016లో దాని చివరి షాపు కూడా మూతపడింది.

పేరొచ్చింది, అద్దె పెరిగింది

హాజీ లేన్ ఉన్న పేటని కాంపొంగ్ గ్లామ్ అంటారు. 1822 నాటి ప్లానులోనే మలయ్‌లకి, బూగిస్‌లకి, అరబ్బులకి కేటాయించిన చోటు. మక్కా వెళ్లే యాత్రికులు ఓడ ఎక్కే ముందు ఈ చుట్టుపక్కలే బస చేసేవారు. 1989లో ప్రభుత్వం దీన్ని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. 2001లో పాత అద్దె నియంత్రణ చట్టం రద్దయింది. అయినా ఇరుకు సందు కదా, కొన్నాళ్లు అద్దెలు అందుబాటులోనే ఉన్నాయి. కాక్ లాంటి వాళ్లు ఆ రోజుల్లోనే చిన్న చిన్న కొట్లు పెట్టారు. వాళ్ల వల్ల వీధికి పేరొచ్చింది. పేరు చూసి జనం వచ్చారు, జనాన్ని చూసి కేఫ్‌లు, బార్లు వచ్చాయి. వాటి వెనకే అద్దె పెరిగింది.

పరిరక్షణ పని మామూలు పని కాదు. రూలు మూడు ముక్కల్లో ఉంటుంది. పాతది వీలైనంత ఉంచాలి, పద్ధతిగా పునరుద్ధరించాలి, జాగ్రత్తగా రిపేరు చెయ్యాలి. మేం పాత చెక్క కిటికీలు ఒక్కొక్కటీ దించి, నంబరు వేసి, బాగుచేసి, మళ్లీ అక్కడే బిగించాం. డిప్లొమాలో నాకు ఎవరూ నేర్పని పని అది. చేసినందుకు ఇప్పటికీ గర్వమే.

2018లో కాక్ లీజు అయిపోయింది. కొత్త లీజుకి రెట్టింపు అద్దె అడిగారట. ఖాళీ చేసే రోజు నేనూ, మా కుర్రాళ్లు ఇద్దరూ వెళ్లి స్టాండ్లు విప్పి, పెట్టెలు మోశాం. ఎదురుగా మేం బాగుచేసిన కిటికీల్ని చూస్తూ, "కిటికీలకి నంబర్లు వేసి మరీ కాపాడారు. నాకు ఎవరూ నంబరు వెయ్యలేదు అన్నే" అంది.

ఏం చెప్పను? మా లాంటి వాళ్లం బాగుచేశాకే ఆ వీధి అంత అందంగా తయారైంది. అందంగా తయారయ్యాకే కాక్‌కి అందకుండా పోయింది. అందులో నా చెమట కూడా ఉంది. యజమానినీ పూర్తిగా తప్పు పట్టలేను. రిపేర్లకి ఎంత పోశాడో బిల్లుల మీద సంతకం పెట్టిన నాకు తెలుసు.

మనకిది కొత్త కథ కాదు. కట్టిన బిల్డింగ్ నిలబడుతుంది, పర్మిట్ అయిపోయినవాడు పెట్టె సర్దుకుంటాడు. గోడని కాపాడే రూలు, గోడ పక్కన బతికేవాడిని కాపాడదు.

పోయిన నెల మళ్లీ ఆ వీధికెళ్లాను. కాక్ కొట్టున్న చోట ఇప్పుడు ఫొటో బూత్ ఉంది. ఎదురుగా నా కిటికీలు చెక్కుచెదరలేదు. ఓ ఫొటో తీసి కాక్‌కి పంపాను. ఆవిడిప్పుడు ఇంట్లోంచే ఫోన్ మీద బట్టలు అమ్ముతోంది. వెంటనే జవాబొచ్చింది. "కిటికీలు సరే. నీ పాత బూట్లు పారెయ్యకు అన్నే, కొనేవాళ్లున్నారు!"