గిరి కరి అయితే

వరంగల్ ఎన్‌ఐటీలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి 18446744073709551615 కొత్త సంఖ్య కాదు. రుణ సంఖ్యల ప్రసక్తి లేనప్పుడు 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య అదే. ఈ సంఖ్య తెలుగులో ఒక చంపకమాలగా ఏనాటి నుంచో ఉంది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ పెట్టి, గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్లలో మొత్తం ఎన్నో చెప్పే పద్యం అది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించిన 11వ శతాబ్దపు పావులూరి మల్లనదని ప్రసిద్ధి. అందులో అంకెలు ఉండవు, మాటలే. శశి అంటే 1, వేదం 4, శరం 5, గిరి 7, గగనం సున్న. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. కాకతీయుల కాలపు శాసనాల్లో శక సంవత్సరాలు చెప్పిన భూతసంఖ్యా పద్ధతి కూడా ఇదే.

ఇరవై అంకెలను పద్యంలో ఇమడ్చడం కంఠస్థానికి పనికొచ్చే నేర్పే గానీ గణితం కాదని అనవచ్చు. నాకలా తోచదు. ఛందస్సు ఆ సంఖ్యకు కాపలా. కొండ అనే అర్థంలో 7ను చెప్పే ‘నగ’ను లేఖకుడు ‘నాగ’ అని రాస్తే 8 అవుతుంది, కానీ లఘువు గురువై గణం చెడుతుంది. చదివేవాడి నోరే తప్పు పట్టేస్తుంది. మరి ‘గిరి’ని ‘కరి’ అని రాస్తే? రెండింటిలోనూ రెండేసి లఘువులే. గణం చెడదు, యతి తప్పదు, 7 మాత్రం 8 అవుతుంది. అది పదిహేనో స్థానం కాబట్టి మొత్తం ఏకంగా కోటి కోట్లు పెరుగుతుంది.

అక్కడ ఆదుకునేది సంఖ్య స్వభావమే. 2 నుంచి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాతది మన సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ. ఏ వర్గంలోంచైనా ఒకటి తీసేస్తే, మిగిలింది దాని మూలానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు సంఖ్యల లబ్ధం. ఎక్కిన మెట్లే దిగుతూ వస్తే మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధమని తేలుతుంది. ఈ చివరిది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417గా విడగొట్టాడు. ఇదంతా మల్లనకు తెలుసని నా వాదన కాదు. పద్యాన్ని సరిచూడటానికి మనకు అందులో 3 చాలు. అంకెలన్నీ కూడితే 87, మూడుతో భాగిస్తే శేషం ఉండదు. గిరి కరి అయితే 88, శేషం మిగులుతుంది.

అంకెలు చోటు మారితే కూడిక మారదు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. పక్కపక్కనున్న రెండు వేరు అంకెలు తారుమారైతే వచ్చే తేడా 17తో ఎన్నడూ పూర్తిగా భాగం కాదు, తప్పు అక్కడ బయటపడుతుంది. మొదటి రెండు మాటలు ‘శర’, ‘శశి’ తారుమారైతే అంత దూరం కూడా పోనక్కర్లేదు. సంఖ్య చివర 15 పోయి 51 వస్తుంది, 5తో శేషం మిగులుతుంది. పైగా ఆ పద్యానికి నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం రేఫ. శశి ముందుకొస్తే ప్రాస పోతుంది.