మీకు తెలుసా? ఒక్కో పీచుకు ఒక్కో గింజ

మొక్కజొన్న పొత్తు ఒలిచి పారేసే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు చెందినదని మీకు తెలుసా? మొక్క కొసనున్న మగపూల జల్లు నుంచి రాలిన పుప్పొడి ఆ పోగు మీద పడితేనే లోపల గింజ కడుతుంది. లేకుంటే ఆ చోటు బోసిపోతుంది. నేలలో తడి చాలకపోతే జల్లు వేళకే వస్తుంది కానీ పీచు ఆలస్యమవుతుంది. పుప్పొడి అంతా రాలిపోయాక పీచు బయటికొచ్చి ఏం లాభం? వేడి 35 డిగ్రీలు దాటి గాలి పొడిబారితే పుప్పొడి కూడా చచ్చుబడుతుంది.

అందుకే ఏడాదికి ఎంత వాన పడిందన్న లెక్క ఈ పంటకు చాలదు. ఏ వారం పడిందన్నదే అసలు సంగతి.

కర్ణాటకలో మొక్కజొన్నకు పేరుపడ్డ దావణగెరె, హావేరి జిల్లాల్లో నైరుతి వానలకు జూన్‌లో విత్తుతారు. కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న రాయల్పాడులో ఆ లెక్క కుదరదు. జిల్లాలో ఏటా పడే సుమారు 700 మిల్లీమీటర్లలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులదే. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. తొందరపడి విత్తితే పూత వేళకు బెట్ట, ఆలస్యం చేస్తే కోత వేళకు ముసురు. 2021 నవంబరు వానలకు ఇటువైపు కోతకొచ్చిన రాగి పంటే చేలల్లో తడిసిపోయింది. తడిసిన మొక్కజొన్న కండెలకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు, అది మనుషులకూ పశువులకూ ప్రమాదమే.

2018లో దేశంలో మొదటిసారి కర్ణాటకలోనే బయటపడిన, మొక్కజొన్నను తినే కత్తెర పురుగుకూ వాతావరణమే కొలత. గట్టి వానకు చిన్న పురుగులు కొట్టుకుపోతాయి, వానల మధ్య పొడి రోజుల్లో చెలరేగుతాయి.

ఇదే మొక్కజొన్నను కృష్ణా, గుంటూరు డెల్టాలో వరి కోసిన మళ్లలో దున్నకుండానే రబీలో వేస్తారు. చల్లని రాత్రుల వల్ల పైరు నిదానంగా పెరిగి, గింజ నిండడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి. మబ్బులేని ఎండ, చేతిలో నీళ్లు, కోతకు వాన బెడద తక్కువ. దేశంలో మంచి దిగుబడులకు పేరుపడింది ఈ రబీ మొక్కజొన్నే.

కోలారు మెట్టలో రాగిది పైచేయి కావడం ఊరికే కాదు. బెట్టకు వాడినా, మళ్లీ చినుకు పడితే పిలకలు వేసి కోలుకుంటుంది. పూతలో దెబ్బతిన్న మొక్కజొన్నకు ఆ రెండో అవకాశం లేదు. పాడి ఉన్నవాళ్లు దాన్ని గింజకు కాక పచ్చిమేతకు వేసుకోవడం నా దృష్టిలో తెలివైన పని. పాలకంకి దశలో కోసేస్తే గింజలు ఆరబెట్టే బాధే ఉండదు.

గింజకే వేయాలనుకుంటే, విత్తనం కొనేముందు వేళ్ల మీద లెక్కేసుకోండి. ఖరీఫ్‌లో విత్తిన 50 నుంచి 60 రోజులకు పూత వస్తుంది. ఆ రోజులు మీ ఊరి వానల్లో పడేలా విత్తండి. కోతకు ముందే టార్పాలిన్ సిద్ధం చేసుకోండి. గింజలో తేమ 14 శాతానికి దిగేదాకా బస్తాలకు ఎత్తకండి.