కడుపులో రక్తనాళం ఉబ్బితే: గ్యాస్ నొప్పి అని వదిలేయకండి

గోదావరిఖని, రామగుండం ప్రాంత ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు

షిఫ్టు దిగి వచ్చాక కడుపులో నొప్పి వస్తే "గ్యాస్ అయ్యుంటది" అని గోలీ వేసుకుంటాం. ఎక్కువసార్లు అది గ్యాసే. కానీ అరుదుగా కడుపులోని ధమని ఉబ్బడం వల్ల కూడా నొప్పి వస్తుంది. దీన్నే అన్యూరిజం అంటారు.

అసలు ఏమవుతుంది?
పాత సైకిల్ ట్యూబు పలచబడిన చోట బుడగలా ఉబ్బుతుంది కదా, ఇదీ అలాగే. ప్లీహం, కాలేయం, పేగులకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో ఇది అరుదు. వీటిలో ఎక్కువగా కనిపించేది ప్లీహం ధమనిలో. పగిలితే లోపలే రక్తం పోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకు వస్తుంది?
• రక్తనాళం గోడ గట్టిపడి బలహీనపడటం
• అదుపులో లేని బీపీ
• క్లోమం వాపు (మద్యం దీనికి ఒక ముఖ్య కారణం)
• కడుపుకు గట్టి దెబ్బ, ఇన్ఫెక్షన్
• కాలేయం చెడి, అక్కడి సిరలో ఒత్తిడి పెరగడం
ప్లీహం ధమని ఉబ్బు ఆడవారిలో ఎక్కువ. ఎక్కువ కాన్పులైనవారికి, గర్భిణులకు జాగ్రత్త మరీ అవసరం.

ఎలా తెలుస్తుంది?
చాలామందికి ఏ బాధా ఉండదు. వేరే పనికి తీసిన స్కానింగ్‌లో బయటపడుతుంది. అల్ట్రాసౌండ్‌లో చిన్న ఉబ్బు దొరకకపోవచ్చు. సీటీ యాంజియోగ్రామ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. దీనికి చేతి నరంలోకి మందు ఎక్కిస్తారు. కిడ్నీ జబ్బు, అలర్జీ, గర్భం ఉంటే ముందే చెప్పండి. ఉబ్బు సైజు, చోటు చూసి డాక్టరు చికిత్స చెబుతారు. కొందరికి మళ్లీ మళ్లీ స్కానింగ్ చేస్తూ గమనిస్తే చాలు.

మీరు ఏం చేయాలి?
1. రిపోర్టులో "అన్యూరిజం" అని ఉంటే ఇంట్లో దాచిపెట్టకండి. డాక్టరుకు చూపించి "రక్తనాళాల డాక్టరు దగ్గరికి వెళ్లాలా?" అని అడగండి.
2. ఆహార భద్రత కార్డు, ఆధార్, పాత రిపోర్టులు తీసుకెళ్లండి. ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు వైద్యం ఉంది. మీకు చెప్పిన చికిత్స అందులో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఫోన్‌లో తెలుసుకోవాలంటే 104.
3. సింగరేణి ఉద్యోగి కుటుంబమైతే ఏరియా ఆసుపత్రిలో ముందుగా చూపించండి.

వెంటనే 108కి ఫోన్ చేయండి: ఉన్నట్టుండి కడుపులో భరించలేని నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం. ఇలాంటప్పుడు కార్డు వెతుక్కుంటూ ఆగకండి. ముందు మనిషిని ఆసుపత్రికి చేర్చండి, కాగితాలు తర్వాత తేవచ్చు.