చద్దర్‌లో తప్పు కనబడుతుంది, చిప్పులో కనబడదు

సోలాపూర్ తూర్పు వైపు, అశోక్ చౌక్ నుంచి అక్కల్‌కోట్ రోడ్డు దాకా మరమగ్గాలు ఆడే పేటల్లో ఇంటి భాష తెలుగే. నిజాం కాలం నుంచీ తెలంగాణ పల్లెలు వదిలి బతుకుదెరువుకు వెళ్లిన పద్మశాలీలు అక్కడ మొదట చేమగ్గం మీద, తర్వాత మరమగ్గం మీద నేశారు. ఆ ఊరి చద్దర్‌కూ టెర్రీ తువ్వాలుకూ 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన పోచంపల్లి ఇక్కత్‌కు వచ్చిన మరుసటి ఏడాదే అన్నమాట. చద్దర్ మీద పువ్వునో నెమలినో దించేది జకార్డు. ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, దాని కొక్కెం లేస్తుంది, ఆ కొక్కేనికి కట్టిన పడుగు పోగులు పైకొస్తాయి. రంధ్రం లేకపోతే పోగు కిందనే ఉండిపోతుంది. ఇక బట్టలో తప్పు పడిందనుకోండి. మగ్గాలు బాగుచేసే తెలిసిన జాబర్ పానా తీయడానికి ముందు బట్టను చూస్తాడు. పొడవునా ఒకే వరుసలో గీత పడుతూ వస్తుంటే కొక్కెమో, దాని కింది దారమో చెడింది. డిజైను తిరిగొచ్చిన ప్రతిసారీ అదే చోట అడ్డంగా తప్పు పడుతుంటే అట్టలో రంధ్రం తేడా. ఒక్కసారి పడి మళ్లీ రాకపోతే పోగు తెగి ఉంటుంది, మిషను జోలికి పోనక్కర్లేదు. ఇప్పుడు చాలాచోట్ల అట్టల స్థానంలో ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చింది, కొక్కేలను బోర్డు ఆడిస్తుంది. అయినా తప్పును వెతికే దారి ఇదే.

ఈ అట్టలకూ కంప్యూటర్‌కూ ఉన్న చుట్టరికం అందరూ చెప్పేదే. జోసెఫ్ మేరీ జకార్డు 1804లో ఫ్రాన్సులో తన యంత్రానికి రూపమిచ్చాడు. చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అవే అట్టలు వాడదామనుకున్నాడు. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హోలరిత్ అనే ఇంజనీరు రంధ్రాల కార్డుల మీదే తేల్చాడు. నేతగాళ్ల సభల్లో ఈ కథను గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ ఈ వంశవృక్షం కంటే ఆ జాబర్ చూపు నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. చెడిన భాగాన్ని మార్చడం చేతిపని. ఏది చెడిందో తేల్చడమే అసలు విద్య. డేటా సెంటర్లు ఊరూరా లేస్తున్న ఈ రోజుల్లో మొదటిదాని గురించే ఎక్కువ వింటున్నాం.

చేతిపని తక్కువదేం కాదు. సర్వర్‌లో ప్రాసెసర్ మార్చాలంటే ముందు దాని మీద నడుస్తున్న పనులన్నీ పక్క సర్వర్లకు తరలించాలి. యంత్రాన్ని ఆపి రెండు పవర్ తీగలూ పీకాలి. ఒంట్లోని స్థిరవిద్యుత్తు చిప్పును కాల్చకుండా మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకోవాలి. మూత తీశాక కనబడేది రెక్కల్లాంటి లోహపు దిమ్మ, హీట్‌సింక్. దాని స్క్రూలను దాని మీదే రాసి ఉన్న వరుసలో వదులు చేయాలి. ఒక మూల పూర్తిగా విప్పి ఇంకో మూల బిగువుగా వదిలేస్తే బరువంతా ఒకే వైపు పడుతుంది. చిప్పు ఎత్తిన తర్వాత బయటపడే సాకెట్ దగ్గరే గుండె ఆగేది. ఇంటెల్ ఈమధ్య తరం సర్వర్ సాకెట్ ఒకదానిలో 4,677 సన్నని లోహపు ముళ్లు ఉంటాయి, పేరులోనే ఆ అంకె ఉంది. వేలు తగిలి ఒక్క ముల్లు వంగిందా, మదర్‌బోర్డుకే ఎసరు. చిప్పు మూలనున్న చిన్న త్రిభుజం గుర్తును సాకెట్ గుర్తుతో కలపాలి. నొక్కకూడదు, దాని బరువుతో అదే కూర్చోవాలి. పాత థర్మల్ పేస్టును ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పూసి, స్క్రూలను మళ్లీ వరుస ప్రకారం బిగించాలి. ఇదంతా ఓపికతో వచ్చేసే పనే. నాలుగుసార్లు చేసిన చేతికి భయం పోతుంది.

చిక్కు అంతకు ముందుంది. సర్వర్ ఆగిపోతే, లేదా తను రాసుకునే లాగ్‌లో ప్రాసెసర్ దోషమని రాసి పడిపోతే, అదృష్టమే అనుకోవాలి. దానికి కూడా ఒక పరీక్ష ఉంది. రెండు ప్రాసెసర్లున్న సర్వర్‌లో వాటిని అటూ ఇటూ మార్చి పెడతారు. దోషం చిప్పుతో పాటు కదిలితే చిప్పుదే తప్పు, ఉన్నచోటే ఉంటే సాకెట్‌నో మెమరీనో చూడాలి. అసలు ప్రమాదం ఆగని చిప్పుతో, తప్పు లెక్క వేసి కూడా ఏమీ ఎరగనట్టు నడిచిపోయే చిప్పుతో. ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2021లో అలాంటి ఒకదాని కథ బయటపెట్టారు. కుదించి దాచిన ఫైళ్లను విప్పే పనిలో కొన్ని ఫైళ్లు మాయమవుతున్నాయి. వెతగ్గా వెతగ్గా ఒక సర్వర్, అందులో ఒక చిప్పు, ఆ చిప్పులో విడివిడిగా లెక్కలు చేసే భాగాల్లో ఒకటైన 59వ కోర్ దొరికాయి. 1.1కి 53వ ఘాతం కట్టి పూర్ణాంకం చెప్పమంటే 156 రావాలి, ఆ కోర్ సున్నా అంది. 52వ ఘాతానికి మాత్రం 142 అని సరిగ్గానే చెప్పింది. ఫైలు పరిమాణం సున్నా అని తేలితే విప్పడానికి ఏముంది? ప్రోగ్రామ్ దాన్ని వదిలేసి ముందుకెళ్లింది. ఎక్కడా ఎర్రదీపం వెలగలేదు.

సర్వర్లు వేలల్లో ఉంటాయి, ఒకటి చెడితే ఇంకొకటి అందుకుంటుంది, ఇంత గొడవ ఎందుకని అడగవచ్చు. ఆ ఏర్పాటు చచ్చిన యంత్రానికి పనికొస్తుంది, అబద్ధమాడే యంత్రానికి పనికిరాదు. అబద్ధమాడేదాన్ని ఎవరూ తప్పించరు, ఎందుకంటే అది పనిచేస్తూనే కనబడుతుంది. అదే లెక్కను రెండుసార్లు చేయిస్తే సరిపోదా అనేవారూ ఉన్నారు. గూగుల్ ఇంజనీర్లు కూడా 2021లోనే ఇలాంటి కోర్ల గురించి రాశారు. కొన్ని వేల యంత్రాలకు ఏ కొన్నో తేలుతున్నాయన్నారు. అందులో ఒక కోర్ సమాచారాన్ని రహస్య లిపిలోకి తప్పుగా మార్చింది. అదే కోర్ మీద తిరిగి విప్పితే అసలు పాఠం చక్కగా వచ్చింది. ఇంకో కోర్ మీద విప్పితేనే చెత్త బయటపడింది. దొంగనే సాక్షిగా పిలిస్తే వచ్చే తీర్పు అలాగే ఉంటుంది. సరిచూడాలంటే వేరే కోర్ మీద చూడాలి, దానికి పని రెట్టింపవుతుంది. అందుకే ప్రతి లెక్కకూ అలా చేయలేరు. ఈ ఖర్చు వాదనలో నిజం ఉందని ఒప్పుకోవాలి.

మరమగ్గంతో ఈ పోలికేమిటి, చిప్పులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లుంటే జకార్డుకు కొన్ని వందల కొక్కేలేగా అన్నది ఇంకో ఆక్షేపణ. సంఖ్యలో తేడా ఉన్న మాట నిజం, కానీ నన్ను పట్టి ఆపేది వేరే తేడా. నేతగాడి ముందు బట్ట ఉంది, ఆ పువ్వు ఎలా ఉండాలో అతని కంటికి తెలుసు. కంప్యూటర్ చేసిన లెక్కకు అలాంటి బట్ట లేదు. అందువల్ల డేటా సెంటర్ తన బట్టను తానే నేసుకోవాలి. అంటే జవాబు ముందే తెలిసిన లెక్కలను అన్ని కోర్ల చేతా అప్పుడప్పుడూ చేయించి, జవాబులు పోల్చుకోవాలి. ఫేస్‌బుక్ వాళ్లు మరమ్మతుకు దించినప్పుడు పొడుగాటి పరీక్షలు, పని నడుస్తుండగానే చిన్న పరీక్షలు పెట్టడం మొదలుపెట్టారు. వేడి, వోల్టేజీ, వేగం మారితేనే కొన్ని కోర్లు తప్పుతాయి కాబట్టి, కొన్న రోజు పాసైన చిప్పు రెండేళ్లకు తప్పవచ్చు. ఒక్కసారి పరీక్షిస్తే తీరే బాధ కాదు.

తప్పు చిన్నదా పెద్దదా అని తేల్చే హక్కు ఎవరిదన్నది కూడా తేలాలి. 1994లో ఇంటెల్ పెంటియం చిప్పు కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని థామస్ నైస్‌లీ అనే గణితాచార్యుడు పట్టుకున్నాడు. మామూలుగా వాడుకునేవాడికి ఆ తప్పు 27,000 ఏళ్లకోసారి ఎదురవుతుందని కంపెనీ లెక్క చెప్పింది, అవసరమని రుజువు చేసుకున్నవారికే చిప్పు మారుస్తామంది. జనం ఊరుకోలేదు. డిసెంబరుకల్లా అడిగినవాళ్లందరికీ మారుస్తామని ఒప్పుకుని, 47.5 కోట్ల డాలర్లు ఆ ఖాతాలో రాసుకోవలసి వచ్చింది. అది నమూనాలోనే ఉన్న లోపం, అన్ని చిప్పుల్లోనూ ఒకేలా ఉంది కాబట్టి ఒకరు పట్టుకోగలిగారు. నేటి కోర్ల తప్పు వేలల్లో ఒకదానిది, ఒక్కోటీ ఒక్కో తీరు. చిప్పు తయారుచేసేవాళ్లు తమ పరీక్షలనూ, దొరికిన దోషాలనూ పెద్ద కొనుగోలుదారులతో మాత్రమే కాక అందరితో పంచుకోవాలన్నది అందుకే న్యాయమైన కోరిక.

అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలను 2022 నవంబరులో తెరిచింది. విశాఖలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. సోలాపూర్ పేటల నుంచి, కరీంనగర్, శ్రీకాకుళం జిల్లాల నుంచి ఆ ఉద్యోగాలకు వెళ్లాలనుకునే పిల్లలు హార్డ్‌వేర్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఒక మాట అడిగి చూడండి: చిప్పు విప్పడానికి ఎన్ని గంటలు కేటాయించారు, లాగ్ చదివి తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఎన్ని గంటలు? రెండో అంకె మొదటిదాని కంటే తక్కువుంటే ఇంకో చోట చేరండి.